ఆ 512 బైట్లలో ఎవరూ ఏమీ రాయరు

ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైలు పెరుగుతూ పెరుగుతూ 1 గిగాబైటు దాటితే దాని నడుమ ఒక ఖాళీ పేజీ మిగిలిపోతుంది. అది ఎక్కడ మిగులుతుందో ముందే చెప్పొచ్చు: మొదటి 1,07,37,41,824 బైట్లు అయిపోయిన చోట. దానికి ముందు పేజీలో సమాచారం ఉంటుంది, తర్వాతి పేజీలోనూ ఉంటుంది. ఆ ఒక్క పేజీని మాత్రం ఎస్‌క్యూలైట్ ముట్టుకోదు. పేజీ సైజు 4,096 బైట్లయితే అది 2,62,145వ పేజీ. ఫైలు నిర్మాణాన్ని వివరించే అధికారిక పత్రంలో దానికి పేరు కూడా పెట్టారు, లాక్ బైట్ పేజీ అని.

అందులో మొదటి 512 బైట్లకు ఒక ఉద్యోగం ఉంది. వాటిలో ఎవరూ ఏమీ రాయరు, ఎవరూ ఏమీ చదవరు. వాటి మీద లాకులు వేస్తారు, తీస్తారు, అంతే. చిన్న డేటాబేసుల్లోనైతే ఆ బైట్లు అసలు ఉండనే ఉండవు. ఫైలు 20 కిలోబైట్ల దగ్గరే ముగిసిపోయినా లాకు మాత్రం గిగాబైటు అవతల, ఇంకా పుట్టని బైటు మీద పడుతుంది. యునిక్స్, విండోస్ రెండూ ఇందుకు ఒప్పుకుంటాయి. ఆండ్రాయిడ్ ఫోనులో కాంటాక్టులు, ఎస్సెమ్మెస్‌లు, ఫైర్‌ఫాక్స్‌లో బుక్‌మార్కులు, పైథాన్‌తో పాటే వచ్చే ఎస్‌క్యూలైట్3 మాడ్యూలుతో మనం రాసుకునే చిన్న చిన్న ప్రోగ్రాములు, అన్నిటి కిందా ఉన్నది ఈ ఎస్‌క్యూలైట్ లైబ్రరీయే.

రిచర్డ్ హిప్ 2000లో మొదటిసారి విడుదల చేసిన ఎస్‌క్యూలైట్‌కు సర్వరు లేదు. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ లాంటి వాటిలో ఫైళ్ల దగ్గర ఒక సర్వరు కాపలా ఉంటుంది, ఎవరు ముందు ఎవరు వెనక అన్నది అదే తేలుస్తుంది. ఇది అలా కాదు, ఎవరి ప్రోగ్రాములో వాళ్లు కలిపేసుకునే సి లైబ్రరీ. ఒకే ఫైలును ఐదు ప్రోగ్రాములు తెరిస్తే లైబ్రరీ ఐదు చోట్ల విడివిడిగా నడుస్తుంటుంది, ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. వాటన్నిటికీ ఉమ్మడి మధ్యవర్తి ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కటే. ఫైలుకు లాకు వేయమని దాన్ని అడగడం తప్ప వేరే దారి లేదు. చిక్కల్లా ఏమిటంటే, లాకు అన్న మాటకు ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కో అర్థం చెబుతుంది.

యునిక్స్ వైపు రెండు రకాలున్నాయి. ఒకటి ఫ్లాక్, 1983లో 4.2 బీఎస్‌డీతో వచ్చింది. మొత్తం ఫైలుకు ఒకే లాకు, ముక్కలు చేయడానికి లేదు. రెండోది పోసిక్స్ ప్రమాణంలోకి ఎక్కిన ఎఫ్‌కంట్రోల్ లాకు. ఫలానా బైటు నుంచి ఫలానా బైటు దాకా అని ఎంచుకుని వేసుకోవచ్చు. చదవడానికైతే పదిమంది ఒకేసారి పంచుకోవచ్చు, రాయడానికైతే ఒక్కరికే దక్కుతుంది. విండోస్‌లో లాక్‌ఫైల్‌ఈఎక్స్ అనే ఫంక్షన్ ఉంది. పైకి చూస్తే ఇదీ బైట్ల శ్రేణి మీద వేసే లాకే, ఇందులోనూ పంచుకునేది ఒకటి, సొంతానిది ఒకటి. పోలిక అంతటితో సరి.

యునిక్స్ లాకులు రెండూ సలహా మాత్రమే. ఆర్టీసీ బస్సు బస్టాండులో ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేస్తాం చూడండి, అలాంటివి. పదిమందీ గౌరవిస్తేనే సీటు మనది, తీసి పక్కన పెట్టి కూర్చునేవాణ్ణి కర్చీఫ్ ఆపలేదు. లాకు ఉందా అని అడగకుండా ఫైల్లో రాసేసే ప్రోగ్రామును యునిక్స్ కూడా ఆపదు. విండోస్ ఆపుతుంది. అక్కడ ఒక శ్రేణిని సొంతానికి లాక్ చేస్తే ఆ బైట్లను ఇంకెవరూ చదవలేరు, రాయలేరు. పంచుకునే లాకు వేస్తే ఎవరూ రాయలేరు, వేసినవాడితో సహా.

ఈ చివరి మాటలోనే ఖాళీ పేజీ రహస్యం ఉంది. సమాచారం ఉన్న బైట్ల మీదే లాకు వేసే పద్ధతి పెట్టుకుంటే, యునిక్స్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రాము విండోస్‌కు వెళ్లేసరికి తన దారికి తానే అడ్డం పడుతుంది. కాబట్టి లాకు వేసే బైట్లలో సమాచారం ఉండకూడదు. ఫైలు మొదట్లోనే ఓ 512 బైట్లు వదిలేస్తే పోదా అంటే, అప్పుడు ఎంత చిన్న డేటాబేసైనా ఒక పేజీ నష్టపోవాలి. గిగాబైటు అవతల పెడితే అంత పెరిగిన ఫైలు మాత్రమే ఒక పేజీ పోగొట్టుకుంటుంది. అంత పెద్ద ఫైల్లో ఒక పేజీ లెక్కలోకి రాదు. 512 అన్న సంఖ్య కూడా ఊరికే రాలేదు. ఎస్‌క్యూలైట్ అనుమతించే అతి చిన్న పేజీ సైజు అదే. పేజీ సైజు ఏది ఎంచుకున్నా లాకు బైట్లన్నీ ఒక్క పేజీలోనే ఇమిడిపోతాయి, రెండో పేజీ వృథా కాదు. ఇక గిగాబైటు దాటిన ఫైళ్లు అరుదు కదా, ఆ పేజీని దాటవేసే కోడ్‌ను పరీక్షించేదెలా? ఆ హద్దును కిందికి దించి చిన్న ఫైళ్లలోనే ఖాళీ పేజీ వచ్చేలా చేసే ఏర్పాటు లైబ్రరీలోనే ఉంది. హద్దు తగ్గించి పరీక్షలన్నీ మళ్లీ నడపమని ఆ సంఖ్యను నిర్వచించిన చోటే వ్యాఖ్యలో రాశారు. అది మార్చితే ఫైలు రూపమే కొద్దిగా మారిపోతుందన్న హెచ్చరిక కూడా అక్కడే ఉంది.

ఇక 512 బైట్ల పంపకం. మొదటి బైటు పేరు పెండింగ్. రెండోది రిజర్వ్‌డ్. మిగిలిన 510 బైట్లు కలిపి షేర్డ్. ఈ మూడు స్థలాలతో, 2004లో వచ్చిన మూడో వెర్షన్ ఐదు స్థితులను ఏర్పరచింది: లాకు లేకపోవడం, షేర్డ్, రిజర్వ్‌డ్, పెండింగ్, ఎక్స్‌క్లూజివ్.

చదవదలచిన ప్రోగ్రాము ముందు పెండింగ్ బైటు మీద చదివే లాకు అడుగుతుంది. దొరికితే షేర్డ్ 510 బైట్ల మీద చదివే లాకు వేస్తుంది. వెంటనే పెండింగ్ బైటును వదిలేస్తుంది. ఇక చదువుకోవడమే, ఇలా ఎంతమందైనా లోపలికి రావచ్చు. పెండింగ్ బైటును పట్టుకుని, ఆ వెంటనే వదిలేయడం చూడటానికి దండగ పనిలా ఉంటుంది. దాని అవసరం రాసేవాడి వైపు నుంచి చూస్తే తెలుస్తుంది.

రాయదలచిన ప్రోగ్రాము అప్పటికే షేర్డ్ లాకుతో లోపల ఉంటుంది. అది రిజర్వ్‌డ్ బైటు మీద రాసే లాకు వేస్తుంది. ఉన్నది ఒకటే బైటు కాబట్టి రాయడానికి సిద్ధపడేవాడు ఎప్పుడూ ఒక్కడే. చదివేవాళ్లకు ఇంకా అడ్డేమీ లేదు. రిజర్వ్‌డ్ పట్టుకున్న ప్రోగ్రాము మార్పులను తన మెమరీలోనే చేసుకుంటూ, పాత పేజీల నకళ్లను జర్నల్ ఫైల్లోకి ఎక్కిస్తూ ఉంటుంది, డేటాబేస్ ఫైలు జోలికి పోదు. అందరినీ ఆపాల్సిన సమయాన్ని వీలైనంత చివరికి నెట్టారన్నమాట. తీరా ఫైల్లో రాయక తప్పని ఘట్టం వచ్చినప్పుడు పెండింగ్ బైటు మీద రాసే లాకు వేస్తుంది. లోపలున్న పాఠకులకు ఈ సంగతే తెలియదు. వాళ్ల లాకు షేర్డ్ బైట్ల మీద ఉంది, పెండింగ్‌ను వాళ్లు ఎప్పుడో వదిలేశారు. కొత్తగా వచ్చేవాడు మాత్రం తన మొదటి అడుగులోనే, ఆ పెండింగ్ బైటు దగ్గరే ఆగిపోతాడు. లోపలివాళ్లు ఒక్కొక్కరే పని ముగించుకుని వెళ్లిపోతారు. చివరివాడు వెళ్లాక షేర్డ్ 510 బైట్ల మీద రాసే లాకు దొరుకుతుంది. అదే ఎక్స్‌క్లూజివ్.

పెండింగ్ అన్న మెట్టే లేకపోతే, ఒక పాఠకుడు వెళ్లేలోపు ఇంకొకడు వస్తూనే ఉంటాడు, రాసేవాడి వంతు ఎప్పటికీ రాదు. రెండో వెర్షన్‌లో ఈ ఇబ్బంది ఉండేది. మూడో వెర్షన్ దాన్ని ఒక్క బైటుతో తీర్చింది. పాఠకుల పేర్ల జాబితా లేదు, క్యూ లేదు, ఎవరు ఎప్పుడు వచ్చారన్న లెక్క లేదు. ఒక ప్రోగ్రాము మధ్యలో కూలిపోయినా దాని లాకులను ఆపరేటింగ్ సిస్టమే తీసేస్తుంది కాబట్టి తుడవాల్సిన చెత్త కూడా మిగలదు.

ఇదే క్రమం విండోస్‌లో నడపాలంటే ఒక చిక్కుంది. యునిక్స్‌లో నా చదివే లాకును రాసే లాకుగా మార్చమంటే ఒక్క పిలుపులో మారుతుంది. లాక్‌ఫైల్‌ఈఎక్స్‌కు మార్చడం చేతకాదు, పాతది తీసి కొత్తది వేయాలి. ఆ తీసి వేసే సందులో ఇంకొకరు దూరితే? పెండింగ్ బైటు ఇక్కడ రెండోసారి అక్కరకొస్తుంది. షేర్డ్ లాకు తీసే సమయానికి పెండింగ్ మన చేతిలోనే ఉంది, కొత్తవాడు రావాలంటే ముందు దాన్ని దాటాలి. సందు ఉంది గానీ దూరేవాడు లేడు. ఇతర పాఠకులు ఇంకా లోపలే ఉండి ఎక్స్‌క్లూజివ్ దొరక్కపోతే, వదిలిన షేర్డ్ లాకును మళ్లీ తీసుకుంటుంది. పై స్థాయి నుంచి షేర్డ్‌కు దిగేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త: ముందు ఎక్స్‌క్లూజివ్ తీసి, షేర్డ్ వేసి, రిజర్వ్‌డ్ వదిలి, పెండింగ్‌ను చిట్టచివర వదులుతుంది. రాసేవాడికి వంతు ఇప్పించడానికి పెట్టిన బైటు, వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని లోటును కూడా పూడుస్తోంది. ఈ లైబ్రరీలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు ఇది.

విండోస్‌లో మరో తలనొప్పి యాంటీవైరస్‌లు, ఫైళ్లను వెతికి సూచికలు తయారుచేసే ఇండెక్సింగ్ ప్రోగ్రాములు. మనం తెరిచిన ఫైలును అవి కూడా తెరిచి చూస్తుంటాయి, ఆ క్షణంలో లాకు అడిగితే దొరకదు. అందుకని లైబ్రరీలో విండోస్‌తో మాట్లాడే పొరలో పెండింగ్ బైటు కోసం మూడుసార్లు ప్రయత్నించే చిన్న లూపు పెట్టారు, ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య ఒక మిల్లీసెకను విరామం. పక్కనే ఉన్న వ్యాఖ్య ముక్కుసూటిగా ఉంటుంది: ఇది విండోస్ కోసం చేసిన సర్దుబాటు, ఈ కోడ్ చూసి వేరే పొర రాసుకునేవాళ్లు దీన్ని నకలు చేయవద్దు. మొరటు పని చేయాల్సి వచ్చినప్పుడు అది మొరటు పనేనని రాసిపెట్టడం కూడా పనితనంలో భాగమే.

షేర్డ్‌కు ఒక బైటు చాలదా, 510 ఎందుకని అడగొచ్చు. జవాబు విండోస్ 95లో ఉంది. 95, 98, ఎంఈలలో పంచుకునే లాకు లేదు, లాకంటే సొంతానికి వేసేదే. ఒకే బైటు పెడితే ఇద్దరు పాఠకులు కలిసి చదవడం కుదరదు. అందుకని అక్కడ ప్రతి పాఠకుడూ ఆ శ్రేణిలోంచి యాదృచ్ఛికంగా ఒక బైటును ఎంచుకుని దాన్ని సొంతానికి లాక్ చేస్తాడు. ఇద్దరు పాఠకులు ఒకే బైటును ఎంచుకునే అవకాశం దాదాపు 500లో ఒకటి. ఎంచుకున్నా నష్టం లేదు, రెండోవాడు బిజీ అన్న జవాబుతో మళ్లీ ప్రయత్నిస్తాడు. రాసేవాడు మొత్తం 510 బైట్ల మీద లాకు అడుగుతాడు, ఏ ఒక్క పాఠకుడున్నా దొరకదు. పంచుకునే లాకు లేని చోట పంచుకోవడాన్ని పాచిక వేసి సాధించారు. విండోస్ 95 పోయింది గానీ ఆ ఉపాయం పోలేదు: ఆపిల్ నెట్‌వర్క్ ఫైల్ ప్రొటోకాల్ ఏఎఫ్‌పీలోనూ పంచుకునే లాకు లేకపోవడంతో మాక్ కోసం రాసిన కోడ్‌లో అదే యాదృచ్ఛిక బైటు కనిపిస్తుంది.

ఇంతవరకు బైట్ల కథ. యునిక్స్ వైపు అసలు కష్టం వేరే ఉంది.

పోసిక్స్ లాకుకు యజమాని ఎవరు? ఫైలు తెరిచినప్పుడు చేతికొచ్చే డిస్క్రిప్టర్ కాదు, థ్రెడ్డూ కాదు, మొత్తం ప్రాసెస్. కెర్నెల్ లెక్కలో ఉండేవి ఏ ప్రాసెస్, ఏ ఐనోడ్ (అంటే డిస్కు మీద ఏ ఫైలు), ఈ రెండే. దీనివల్ల రెండు వింతలు. ఒకే ప్రాసెస్‌లోని రెండు థ్రెడ్లు ఒకే డేటాబేసును విడివిడిగా తెరిచాయనుకోండి. ఒకటి రాసే లాకు వేసింది. రెండోది అదే లాకు అడిగితే కెర్నెల్ కాదనదు. ఆ ప్రాసెస్ లాకు ఆ ప్రాసెస్‌కే ఇస్తున్నానని దాని లెక్క. ఇద్దరూ రాసేవాళ్లే అవుతారు, ఫైలు పాడవుతుంది. రెండో వింత ఇంతకన్నా ప్రమాదకరం. ప్రాసెస్ ఆ ఫైలును ఎన్నిసార్లు తెరిచినా సరే, వాటిలో ఏ ఒక్క డిస్క్రిప్టర్‌ను మూసినా, లాకు వేయడానికి వాడినది కాకపోయినా, ఆ ఫైలు మీద ఆ ప్రాసెస్‌కున్న లాకులన్నీ చెప్పాపెట్టకుండా ఊడిపోతాయి. విండోస్‌లో ఈ బాధ లేదు, అక్కడ లాకు హ్యాండిల్‌ది.

లైబ్రరీ తాలూకు యునిక్స్ సోర్సు ఫైల్లో దీని మీద పొడవాటి వ్యాఖ్య ఉంది. కొత్త లాకు అదే ప్రాసెస్ పాత లాకును చెరిపేస్తుందని 1996 నాటి ప్రమాణంలో 6.5.2.2 విభాగం, 483 నుంచి 490 దాకా వరుసల్లో రాసి ఉందని చెప్పి మరీ మొదలవుతుంది. తిట్టేటప్పుడు కూడా వరుస నంబరు చూపించి తిట్టడం!

విరుగుడు కెర్నెల్‌లో లేదు కాబట్టి లైబ్రరీ సొంతంగా లెక్కలు పెట్టుకుంది. ప్రాసెస్ మొత్తానికి ఒకే జాబితా, అందులో ఒక్కో ఫైలుకు ఒక్కో రికార్డు. ఫైలును గుర్తుపట్టడానికి పేరు పనికిరాదు. ఒకే ఫైలుకు సింబాలిక్ లింకు వల్ల, హార్డ్ లింకు వల్ల నాలుగు పేర్లుండొచ్చు. అందుకని డివైస్ నంబరు, ఐనోడ్ నంబరు జంటను వాడుకుంటుంది. రికార్డులో ఎంతమంది షేర్డ్ లాకుతో ఉన్నారు, ఈ ప్రాసెస్ ఆ ఫైలు మీద ఏ స్థాయి లాకు వరకు వెళ్లింది, మొత్తం లాకులెన్ని, కనెక్షన్లెన్ని అన్నవి ఉంటాయి. ఎవరైనా లాకు అడిగితే ముందు ఈ రికార్డునే చూస్తుంది. తోటి థ్రెడ్‌తో తగాదా ఉంటే కెర్నెల్ దాకా వెళ్లకుండానే బిజీ అని తిప్పి పంపుతుంది. ఇద్దరూ పాఠకులే అయితే రెండోవాడి కోసం కెర్నెల్‌ను పిలవనవసరమే లేదు, లెక్క ఒకటి పెంచితే చాలు. ఆ ప్రాసెస్‌లోని చివరి పాఠకుడు వెళ్లినప్పుడే నిజమైన లాకు తీస్తుంది. కెర్నెల్‌కు కనిపించేది ఒక ప్రాసెస్, ఒక లాకు. ఆ ప్రాసెస్ లోపల ఎవరి వాటా ఎంతన్నది లైబ్రరీకి మాత్రమే తెలుసు.

మూస్తే లాకులు ఊడిపోయే సమస్యకు చూపిన విరుగుడు మరీ ముచ్చటగా ఉంటుంది: మూయకపోవడమే. ఒక కనెక్షన్ తన పని ముగించి ఫైలు మూయమన్నప్పుడు, అదే ఫైలు మీద అదే ప్రాసెస్‌లో ఇంకెవరిదైనా లాకు ఉంటే, లైబ్రరీ సరేనంటుంది గానీ డిస్క్రిప్టర్‌ను నిజంగా మూయదు. ఆ ఫైలు రికార్డుకున్న వాడని డిస్క్రిప్టర్ల జాబితాలో తగిలిస్తుంది. లాకుల లెక్క సున్నాకు వచ్చిన క్షణాన జాబితాలో ఉన్నవన్నీ ఒకేసారి మూస్తుంది. ఈలోపు అదే ఫైలును ఎవరైనా మళ్లీ తెరిస్తే, కొత్తగా తెరవకుండా జాబితాలోంచి సరిపోయే డిస్క్రిప్టర్‌ను తీసి ఇస్తుంది. లేకపోతే తెరిచి మూసే పని పదేపదే చేసే ప్రోగ్రాములో మూయని డిస్క్రిప్టర్లు గుట్టపడిపోతాయి.

ఆ జాబితాలో తగిలించడానికి కాస్త మెమరీ కావాలి. మూసే సమయంలో మెమరీ అడిగితే, అప్పటికి అది నిండుకుని ఉంటే? తెరవడం విఫలమైతే తెరవలేకపోయామని చెప్పొచ్చు. మూయడం విఫలమైతే పిలిచినవాడు చేయగలిగిందేమీ లేదు. అందుకని ఆ పిడికెడు మెమరీని ఫైలు తెరిచేటప్పుడే తీసి పక్కన పెడతారు. ఎప్పుడో, వేరే థ్రెడ్ లాకుతో ఉన్నప్పుడు మూయాల్సి వస్తే మాత్రమే అది పనికొస్తుంది. ఎక్కువసార్లు వాడకుండానే తిరిగి ఇచ్చేస్తారు. విఫలం కాకూడని పనికి కావలసిన సరంజామా విఫలమైనా ఫరవాలేని చోటే సమకూర్చుకోవడమన్నమాట.

పాత లైనక్స్‌లో ఇంకో పొడుపుకథ ఉండేది. అప్పటి లైనక్స్‌థ్రెడ్స్ పద్ధతిలో ప్రతి థ్రెడ్డూ ఒక ప్రాసెస్‌లా కనిపించేది కాబట్టి, ఒక థ్రెడ్ వేసిన లాకును ఇంకో థ్రెడ్ మార్చలేకపోయేది. వేరే యునిక్స్‌లలో మార్చగలిగేది. ప్రోగ్రాము ఏ రకం యంత్రం మీద నడవబోతోందో కంపైల్ చేసేటప్పుడు తెలియదు. అప్పటి ఎస్‌క్యూలైట్ ఊహించలేదు, ప్రయోగం చేసింది: నడుస్తున్నప్పుడే థ్రెడ్లు పుట్టించి, ఒకదాని లాకును ఇంకోదానితో మార్పించి చూసి, ఫలితాన్ని గుర్తుపెట్టుకునేది. లైనక్స్ థ్రెడ్ల పద్ధతి మారాక ఆ కోడ్‌ను తీసేశారు. అక్కర తీరినదాన్ని తీసేయడానికీ ధైర్యం కావాలి.

లాకు దొరకలేదని చెప్పే తీరులో కూడా ఏకాభిప్రాయం లేదు. ఎఫ్‌కంట్రోల్ ఒక సిస్టమ్‌లో అనుమతి లేదన్న ఎర్రర్ ఇవ్వొచ్చు, ఇంకోదాంట్లో మళ్లీ ప్రయత్నించమన్న ఎర్రర్ ఇవ్వొచ్చు, ప్రమాణం రెంటినీ ఒప్పుకుంది. లైబ్రరీ అలాంటివన్నీ ఒకచోట చేర్చి బిజీ అన్న ఒకే జవాబుగా మారుస్తుంది.

ఇతర భాషల లైబ్రరీలు ఈ గొయ్యిని ఎలా దాటాయో చూస్తే పోలిక తెలుస్తుంది. పైథాన్ ప్రామాణిక లైబ్రరీ దాటే ప్రయత్నమే చేయలేదు: యునిక్స్‌కు ఒక మాడ్యూలు, విండోస్‌కు వేరే మాడ్యూలు, కలుపుకోవడం మన పని. జావాలో ఫైల్ లాకు మొత్తం జేవీఎమ్‌దేనని పత్రాల్లోనే చెప్పేశారు. అదే జేవీఎమ్‌లో ఇంకో థ్రెడ్ అదే శ్రేణిని అడిగితే ఎక్సెప్షన్ వస్తుంది. గో టూల్‌చెయిన్ తన సొంత అవసరానికి రాసుకున్న ప్యాకేజీ లైనక్స్, మాక్‌లలో ఫ్లాక్, విండోస్‌లో లాక్‌ఫైల్‌ఈఎక్స్ వాడుతుంది. ఏఐఎక్స్, సొలారిస్‌లలో ఎఫ్‌కంట్రోలే వాడాల్సి రావడంతో ఎస్‌క్యూలైట్‌లాగే ఐనోడ్ వారీ లెక్క పెట్టుకుంది. రస్ట్ 2025లో, 1.89 వెర్షన్‌లో, ప్రామాణిక లైబ్రరీలోకి ఫైల్ లాకును తెచ్చింది. ఆ లాకు సలహానా, నిర్బంధమా అన్నది సిస్టమ్‌ను బట్టి ఉంటుందని, దాని మీద భరోసా పెట్టుకోవద్దని పత్రంలో రాసింది. ఇది నిజాయితీ గల పద్ధతే. కానీ సిస్టమ్‌ల మధ్య తేడా వాడుకునేవాడి నెత్తినే మిగులుతుంది. ఎస్‌క్యూలైట్ ఆ తేడాను తానే మోసి, పైనున్న వేల లైన్ల కోడ్‌కు ఐదు స్థితులు మాత్రమే చూపిస్తుంది. నా ఓటు దానికే.

యునిక్స్ వైపు కూడా పరిస్థితి కొంత మారింది. 2014లో లైనక్స్ 3.15 కెర్నెల్ ఎఫ్‌కంట్రోల్‌లోనే కొత్త రకం లాకును చేర్చింది. దాని యజమాని ప్రాసెస్ కాదు, తెరిచిన ఫైలు. ఒక డిస్క్రిప్టర్ మూస్తే వేరేవాటి లాకులు ఊడవు. ఎస్‌క్యూలైట్ మాత్రం పాత దారినే నడుస్తోంది. ప్రతి యునిక్స్‌లోనూ దొరికేది అదే, లెక్కల పుస్తకం ఎలాగూ సిద్ధంగా ఉంది.

ఎంత పనితనమైనా కింద ఉన్న సిస్టమ్ అబద్ధమాడితే చేయగలిగింది తక్కువ. నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్‌లు, ముఖ్యంగా కొన్ని ఎన్‌ఎఫ్‌ఎస్ అమరికలు, లాకు వేయకుండానే వేశామంటాయి. లాకులే పనిచేయని చోట వాడుకోవడానికి లైబ్రరీలో ఒక నాటు పద్ధతి కూడా ఉంది: డేటాబేస్ పేరు చివర .లాక్ అని తగిలించి ఒక డైరెక్టరీ సృష్టిస్తుంది. ఒకే పేరుతో రెండు డైరెక్టరీలు పుట్టవు కాబట్టి ముందు సృష్టించినవాడిదే ఫైలు. పనిచేస్తుంది, కానీ పాఠకులు కలిసి చదవడం పోతుంది, ప్రోగ్రాము మధ్యలో కూలితే ఆ డైరెక్టరీ అక్కడే ఉండిపోతుంది.

మరి మన వంతు సంగతి. ఐనోడ్ లెక్క అంతా లైబ్రరీ లోపల ఒక గ్లోబల్ జాబితాలో ఉంటుంది కాబట్టి ఒకే ప్రోగ్రాములో ఎస్‌క్యూలైట్‌ను రెండు కాపీలుగా కలపకండి, ఒకదాని లెక్క రెండోదానికి తెలియదు. డేటాబేస్ తెరిచి ఉంచి ఫోర్క్ చేసి, ఆ కనెక్షన్‌ను పిల్ల ప్రాసెస్‌లో వాడకండి. షేర్డ్ ఫోల్డరులో డేటాబేస్ పెట్టి నాలుగు కంప్యూటర్ల నుంచి రాయకండి. అన్నిటికన్నా ముఖ్యం, మీ ప్రోగ్రాము ఎస్‌క్యూలైట్‌తో తెరిచి ఉంచిన ఫైలును అదే ప్రోగ్రాములో మామూలు ఓపెన్‌తో తెరిచి, నకలు తీసుకుని, మూయకండి. మీరు మూసిన క్షణాన కెర్నెల్ లాకులన్నీ తీసేస్తుంది, లైబ్రరీకి ఆ కబురు అందదు. నకలు కావాలంటే లైబ్రరీలోనే బ్యాకప్ ఫంక్షన్లున్నాయి, పైథాన్‌లో కూడా బ్యాకప్ అనే మెథడ్ ఉంది, వాటినే వాడండి.